మామయ్యగారి న్యూస్ ఛానల్, పడమటి కిటికీ, కొత్త టీవీ

మా పాత టీవీ ఒక రాత్రి సీరియల్ మధ్యలో పోయింది. మాటలు వినపడుతున్నాయి, బొమ్మ లేదు. అత్తయ్య రిమోట్‌ని అరచేతికేసి నాలుగుసార్లు కొట్టారు, బ్యాటరీలు తిప్పి పెట్టారు, ప్లగ్గు పీకి మళ్లీ పెట్టారు. ఏం చేసినా నల్లటి స్క్రీన్ లోంచి ఎవరో అత్త ఎవరో కోడల్ని తిడుతున్న గొంతు మాత్రం నిరాటంకంగా వస్తూనే ఉంది. మర్నాడు గవర్నర్‌పేట నుంచి మెకానిక్ వచ్చాడు. స్క్రూలు విప్పలేదు, మీటరు తీయలేదు. కర్టెన్లు వేసి ట్యూబ్‌లైటు ఆర్పమన్నాడు, సెల్‌ఫోన్ టార్చి వెలిగించి స్క్రీన్‌కి దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని చూడమన్నాడు. చూస్తే టార్చి వెలుగు పడిన అరచెయ్యంత మేర న్యూస్ చదివే అమ్మాయి ముఖం కదులుతోంది, నూతిలోకి తొంగి చూసినట్టు. "ప్యానెల్ బాగానే ఉందమ్మా, వెనక లైట్లు పోయాయి. బొమ్మ వస్తూనే ఉంది, దానికి దీపం లేదంతే" అన్నాడు.

లైటు స్ట్రిప్పులు మార్చేస్తానన్నాడు కానీ అది తొమ్మిదేళ్ల టీవీ, రెండేళ్ల కిందట బోర్డు కూడా మార్చాం. ఇక చాల్లే అనుకున్నాం. ఆ తర్వాత మూడు వారాల పాటు యూట్యూబ్‌లో నేను చూసిన వీడియోలన్నీ కలిపినా ఆ టార్చి లైటు చెప్పినంత చెప్పలేదు. కొత్త టీవీ ఎంచుకోవడమంటే వెనక దీపం ఎలా ఉంది, అసలు దీపం అక్కర్లేని రకం కావాలా అని తేల్చుకోవడమే. మిగతావన్నీ ఆ తర్వాతి సంగతులు.

ముందు ఈ పేర్ల గోల తెమల్చాలి. మనం ఎల్‌ఈడీ టీవీ అని కొంటున్నదంతా ఎల్‌సీడీ టీవీనే. ముందుండే లిక్విడ్ క్రిస్టల్ పొర తనంతట తాను వెలగదు. వెనక నుంచి తెల్ల వెలుగు వస్తుంటే ఎక్కడ వదలాలో ఎక్కడ ఆపాలో చూసుకోవడమే దాని పని. 4కే టీవీలో 83 లక్షల పిక్సెళ్లు, ఒక్కో దాంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు, అంటే దాదాపు రెండున్నర కోట్ల చిన్న చిన్న తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఒకప్పుడు వెనక సన్నటి ట్యూబులుండేవి, వాటి స్థానంలో ఎల్‌ఈడీలు పెట్టి టీవీకే ఆ పేరు పెట్టేశారు. బొమ్మ గీసేది ఎల్‌ఈడీలు కావు, నేతిబీరకాయ వ్యవహారం. ఆ తలుపులు ఎంత బిగించినా సందుల్లోంచి కాస్త వెలుగు కారుతుంది, అందుకే చవక టీవీల్లో రాత్రి సీన్లు నల్లగా ఉండవు, బూడిద రంగులో ఉంటాయి.

క్యూలెడ్ అన్నది కూడా ఎల్‌సీడీనే. 2017లో శామ్‌సంగ్ ఆ పేరుతో గట్టిగా అమ్మడం మొదలుపెట్టింది. నీలం ఎల్‌ఈడీల వెలుగుకి ముందు క్వాంటం డాట్లు అనే అతి సూక్ష్మ కణాల పొర ఒకటి పెడతారు, దాంతో ఎరుపూ ఆకుపచ్చా శుభ్రంగా వస్తాయి. ఈ డాట్ల మీద పనిచేసిన బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు 2023లో కెమిస్ట్రీ నోబెల్ కూడా వచ్చింది, కాబట్టి ఉత్తి మార్కెటింగ్ మాయ అని కొట్టిపారేయను. అయితే దాంతో రంగులు బాగుపడతాయి, నలుపు బాగుపడదు. నియో క్యూలెడ్, క్యూనెడ్, యూలెడ్ అని కంపెనీకో పేరు, అన్నీ ఎల్‌సీడీ వంశమే. ఇంగ్లీషు అక్షరాల్లో ఓలెడ్‌కీ క్యూలెడ్‌కీ మధ్య తేడా ఒక్క చిన్న తోక. షోరూంలో దూరం నుంచి బోర్డు చదివితే ఎవరైనా పొరపాటు పడతారు, పడాలనే పెట్టారని నా అనుమానం.

ఓలెడ్ అసలు వేరే జాతి. అక్కడ వెనక దీపం లేదు, ప్రతి పిక్సెల్ తనే వెలుగుతుంది, నలుపు కావాల్సిన చోట పూర్తిగా ఆరిపోతుంది. సోనీ 2007లో 11 అంగుళాల బుల్లి ఓలెడ్ టీవీ అమ్మింది, ఎల్‌జీ 2013లో 55 అంగుళాలది తెచ్చింది. ఇప్పుడు ఇందులోనూ రెండు పాయలున్నాయి. ఎల్‌జీ డిస్‌ప్లే వాళ్ల పద్ధతిలో తెల్ల వెలుగు పుట్టించి రంగుల ఫిల్టర్లు పెడతారు. శామ్‌సంగ్ డిస్‌ప్లే వాళ్ల పద్ధతిలో నీలం వెలుగు పుట్టించి క్వాంటం డాట్లతో ఎరుపు, ఆకుపచ్చ చేస్తారు. 2022 నుంచి శామ్‌సంగ్, సోనీ రెండూ ఈ రెండో రకాన్ని ఖరీదైన మోడళ్లలో పెడుతున్నాయి.

ఈ జ్ఞానమంతా మూటగట్టుకుని ఒక ఆదివారం బందరు రోడ్డులో ఒక పెద్ద షోరూంకి వెళ్లాం. గోడ నిండా టీవీలు, అన్నిట్లోనూ అవే చిలకలు, అవే పూలు, అదే తేనె కారడం. టీవీలన్నీ షాపు మోడ్‌లో ఉంటాయి, వెలుగు మొత్తం పైకి, రంగులు మొత్తం పైకి. మనింట్లో ఎవరైనా అలా పెట్టుకుంటే అరగంటలో కళ్లు మండుతాయి. ప్రశ్నలడిగింది నేను, సేల్స్ అబ్బాయి జవాబులు చెప్పింది మా ఆయనకి. "ఇందులో డిమ్మింగ్ జోన్లు ఎన్ని?" అని, అంటే వెనక లైట్లని విడివిడిగా ఆర్పగలిగే గుంపులెన్ని అని నేనడిగితే మా ఆయన వైపు తిరిగి "సార్, ఇది ఏఐ పిక్చర్ సార్" అన్నాడు. మా ఆయనేమో టీవీ స్టాండు గట్టిదో కాదో ఊపి చూస్తున్నారు.

మూడోసారి అడిగాక వాళ్ల ఫ్లోర్ మేనేజర్ వచ్చాడు. పాపం, అతనికి విషయం తెలుసు. నేను తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టనివ్వమన్నాను. ముందు కుదరదన్నాడు, ఇవాళే కొనేస్తామంటే సరేనన్నాడు. ఇక్కడ ఎవరికైనా పనికొచ్చే మాట ఒకటి చెప్తాను: చిలకల వీడియోతో టీవీ కొనకండి. నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి మూడే. నల్లటి తెర మీద తెల్లటి పేర్లు మెల్లగా పైకెళ్లే సినిమా చివరి భాగం, నేనే మా ఊళ్లో ఫోన్‌తో తీసిన కార్తీక పౌర్ణమి దీపాలు, బంతి గాల్లోకి లేచి కెమెరా దాని వెంట పరిగెత్తే ముప్పై సెకన్ల క్రికెట్. పిక్చర్ మోడ్‌ని సినిమాకో ఫిల్మ్‌మేకర్‌కో మార్పించి, ఆ మూడూ నాలుగు టీవీల్లో వరసగా చూశాం.

మామూలు టీవీలో దీపాల వీడియో పెడితే చెరువంతా బూడిద నీళ్లలా ఉంది. మినీ ఎల్‌ఈడీలో, అంటే వెనక బుల్లి లైట్లని గుంపులుగా ఆర్పుకునే రకంలో, చెరువు నల్లబడింది, కానీ ఒక్కో ప్రమిద చుట్టూ సన్నటి మసక వెలుగు, చలికాలం వీధి దీపం చుట్టూ మంచు పట్టినట్టు. తర్వాత ఓలెడ్. అబ్బ. చెరువు లేదు, రాత్రి లేదు, స్క్రీన్ అంచు ఎక్కడో తెలియలేదు, ఒత్తుల చివర నిప్పులు మాత్రం గాల్లో నిలబడి ఉన్నాయి. మా ఆయన స్టాండు ఊపడం ఆపేసి వచ్చి నిలబడ్డారు. మేనేజర్ మాట్లాడలేదు, అమ్మకం అయిపోయిందని అతనికి అర్థమైపోయింది.

నిజానికి అవలేదు.

మా హాలు గురించి చెప్పాలి. పడమటి వైపు రెండు పెద్ద కిటికీలు. విజయవాడ ఎండ సంగతి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం మూడు నుంచి సూర్యుడు దిగేదాకా హాల్లో సగం నేల బంగారంలా మెరుస్తుంది. కర్టెన్లు వేద్దామంటే మామయ్యగారికి గాలాడదు. ఆయన రిటైరై ఎనిమిదేళ్లు. ఉదయం కాఫీతో మొదలుపెడితే రాత్రి భోజనం దాకా న్యూస్ ఛానల్ ఆడుతూనే ఉంటుంది, ఆయన చూస్తున్నా, పేపరు చదువుతున్నా, కునుకు తీస్తున్నా. ఆపేస్తే మాత్రం కళ్లు తెరుస్తారు. మన న్యూస్ ఛానళ్ల స్క్రీన్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒక మూల లోగో, మరో మూల టైము, కింద ఎర్రటి పట్టీ, దాని కింద పరిగెత్తే ఇంకో పట్టీ, పక్కన నిలువుగా ప్రకటన. కదిలే బొమ్మకి మిగిలేది మధ్యలో పోస్టుకార్డంత చోటు.

ఓలెడ్‌కి సరిగ్గా ఇదే పడదు. పిక్సెల్ తనే వెలిగేది కాబట్టి వాడకాన్ని బట్టి అరుగుతుంది. ఒకే చోట ఎర్రపట్టీ రోజుల తరబడి వెలిగితే అక్కడి పిక్సెళ్లు పక్కవాటికంటే ముందు ముసలివైపోతాయి. తర్వాత సినిమా పెట్టుకున్నా ఆ పట్టీ నీడ కనపడుతుంది. బర్న్-ఇన్ అంటారు. ఇది ఊహాగానం కాదు. టీవీలు కొని పరీక్షించే ఆర్టింగ్స్ అనే కెనడా సైట్ వాళ్లు 2018లో ఆరు ఓలెడ్ టీవీలని వరసగా పెట్టి రోజుకి 20 గంటల చొప్పున నడిపారు. సీఎన్‌ఎన్ పెట్టినవాటిలో మచ్చలు పడ్డాయి, వెలుగు ఎక్కువ పెట్టినదాంట్లో మరీ. దృశ్యాలు మారుతూ ఉండే గేమ్ ఆడించినదానికి అంత ఇబ్బంది రాలేదు. అవి పాత ప్యానెళ్లు, ఇప్పటివి మెరుగయ్యాయి. బొమ్మని కనపడనంతగా అటూ ఇటూ జరపడం, లోగో ఉన్నచోట వెలుగు తగ్గించడం, టీవీ ఆపాక లోలోపల సరిచేసుకోవడం లాంటి జాగ్రత్తలు ఉన్నాయి. సాయంత్రం రెండు గంటలు ఓటీటీ చూసుకునే ఇంట్లో దీని గురించి భయపడక్కర్లేదు. కానీ మా ఇల్లు దాదాపు ఆ పరీక్ష గదే కదా! ఆ టీవీలో సీఎన్‌ఎన్, మా హాల్లో తెలుగు న్యూస్, ఎర్రపట్టీ మాత్రం మనదే వెడల్పు.

రెండో అడ్డం కిటికీ. ఓలెడ్‌లో చిన్న మెరుపు చాలా ప్రకాశంగా వస్తుంది, స్క్రీనంతా తెల్లగా ఉంటే మాత్రం వేడీ కరెంటూ అదుపులో ఉంచుకోవడానికి టీవీ తనే వెలుగు తగ్గించుకుంటుంది. పగటిపూట టెస్ట్ మ్యాచ్, తెల్లటి సెట్టుతో న్యూస్ స్టూడియో, ఇలాంటివి ఎండ పడే హాల్లో కాస్త డల్‌గా అనిపిస్తాయి. పైగా క్వాంటం డాట్ల ఓలెడ్‌లో ముందు పోలరైజర్ అనే, బయటి వెలుగుని మింగే పొర ఉండదు, అందువల్ల గదిలో వెలుగు బాగా ఉంటే నలుపు కాస్త ఊదా కలిసిన బూడిదలోకి తిరుగుతుంది. డబ్బంతా ఆ నలుపుకే పెట్టి, ఆ నలుపే కనపడకపోతే ఏం లాభం? షోరూంలో ఇది తెలియడానికి నేను చేసిన పని, ఫోన్ టార్చి వెలిగించి నా వెనక నుంచి స్క్రీన్ మీద పడేలా పట్టుకోవడం. మా మెకానిక్ నేర్పిన విద్య, వేరే పనికి వాడాను. సేల్స్ అబ్బాయి మా ఆయన వైపు జాలిగా చూశాడు.

మూడోది ధర. మేం వెళ్లిన రోజు 55 అంగుళాల ఓలెడ్ లక్షా ఇరవై వేల దగ్గర ఉంది, 65 అంగుళాల మినీ ఎల్‌ఈడీ ఎనభై అయిదు వేలు. అంగుళాల తేడా పదే అనిపిస్తుంది కానీ 65 అంగుళాల స్క్రీన్ వైశాల్యం 55 కంటే దాదాపు 40 శాతం ఎక్కువ. మా సోఫాకి గోడకి తొమ్మిది అడుగులు, ముందే టేపు పెట్టి కొలిచి, పాత బెడ్‌షీటు మడిచి ఆ కొలతకి గోడ మీద అంటించి రెండు రోజులు చూసుకున్నాం. 65 పెద్దదనిపించలేదు. మా అబ్బాయైతే 75 కొలత మడిచి పెట్టాడు, వాడి మాట వినలేదు.

అలా మినీ ఎల్‌ఈడీకి వచ్చి ఆగాం. ఇది ఎల్‌సీడీలో బాగా ఎదిగిన రకం. వెనకున్న లైట్లని వేల సంఖ్యలో బుల్లివిగా చేసి, గుంపులుగా విడగొట్టి, చీకటి ఉన్నచోట ఆ గుంపుని ఆర్పేస్తారు. టీసీఎల్ 2019లో మొదలుపెట్టింది, 2021లో శామ్‌సంగ్ నియో క్యూలెడ్ పేరుతో తెచ్చింది. కొనేటప్పుడు అడగాల్సింది గుంపులెన్ని అని, అంటే జోన్లు. మేం తీసుకున్నదాంట్లో సుమారు 500. వినడానికి గొప్పగానే ఉంది, లెక్క వేస్తే ఒక్కో జోన్ 16,500 పిక్సెళ్లకి కాపలా కాస్తోంది. ప్రమిద చుట్టూ మసక రావడానికి కారణం అదే, ఒక్క ఒత్తి కోసం వీధి మొత్తం దీపం వేసినట్టు. జోన్ల సంఖ్య బ్రోషర్‌లో లేకపోతే తక్కువే అని నేను అర్థం చేసుకున్నాను, ఎక్కువుంటే పెద్దక్షరాల్లో వేసుకునేవాళ్లు కదా. "లోకల్ డిమ్మింగ్" అని రాసి అంచుల్లో మాత్రం లైట్లు పెట్టేవాళ్లూ ఉన్నారు, నిలువు చారలుగా వెలుగుతుంది, దాని జోలికి వెళ్లకండి.

ఇంకో విషయం నాకు ఇంటికొచ్చాక గానీ పూర్తిగా అర్థం కాలేదు. ఎల్‌సీడీ ప్యానెల్ రెండు రకాలు, వీఏ, ఐపీఎస్. ఐపీఎస్‌లో పక్కనుంచి చూసినా రంగులు నిలబడతాయి కానీ నలుపు నాసి, కాంట్రాస్ట్, అంటే తెలుపుకీ నలుపుకీ వెలుగులో ఉండే తేడా, వెయ్యికి ఒకటి అలా ఉంటుంది. వీఏలో మూడు వేలు, అయిదు వేలు ఉంటుంది కానీ ఎదురుగా కూర్చోవాలి. మాది వీఏ. అత్తయ్య కూర్చునేది పక్కన దివాన్ మీద, కూరగాయలు తరుగుతూ. మొదటి రోజే "ఈ అమ్మాయి చీర ఎరుపా, నారింజా?" అన్నారు. సోఫాలోంచి చూస్తే నికార్సయిన ఎరుపు, దివాన్ మీంచి చూస్తే వెలిసిన ఎరుపు. ఓలెడ్‌లో ఈ గొడవ ఉండదు. ఇప్పుడు దివాన్ ఎదురుగోడకి జరిపాం, బీరువా తలుపు పూర్తిగా తెరుచుకోవట్లేదు. కొనే ముందు షోరూంలో పక్కకి నడిచి చూడమని అందరూ చెప్తారు, నేనూ నడిచాను, కానీ మా దివాన్ ఎంత పక్కకుందో ఆ క్షణంలో గుర్తు రాలేదు.

మిగతావి గబగబా. 60 హెర్ట్జా, 120 హెర్ట్జా (సెకనుకి స్క్రీన్ ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో ఆ లెక్క) అంటే 120 తీసుకోండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, 60లో 24 సరిగ్గా ఇమడదు, ఒక ఫ్రేము రెండుసార్లు తర్వాతది మూడుసార్లు చూపించి నెట్టుకొస్తారు, కెమెరా మెల్లగా పక్కకి తిరిగినప్పుడు బొమ్మ కుదుపుతుంది. 120లో ఒక్కోటి అయిదుసార్లు, లెక్క తెగిపోతుంది. వెలుగునీడలు మెరుగ్గా చూపించే డాల్బీ విజన్ ముఖ్యమనుకుంటే శామ్‌సంగ్ టీవీల్లో ఉండదు, వాళ్లది అలాంటిదే ఇంకోటి, హెచ్‌డీఆర్10 ప్లస్. గేమ్ కన్సోల్ ఉంటే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టులు ఎన్నో అడగండి. సౌండ్ ఏ సన్న టీవీలోనూ బాగుండదు, సౌండ్‌బార్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి, ఈఆర్క్ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టండి, అంతే. ఏఐ అని స్టిక్కరున్న ప్రతిదాన్నీ నేను చదవడం మానేశాను.

చైనా బ్రాండు వద్దని మా ఆయన మొదట్లో పట్టు పట్టారు. షావొమీ టీవీలు 2018 నుంచే తిరుపతిలో డిక్సన్ ఫ్యాక్టరీలో తయారవుతున్నాయనీ, టీసీఎల్ ప్యానెళ్ల ఫ్యాక్టరీ కూడా అక్కడే పెట్టిందనీ చెప్తే, "అయితే వెంకన్న దగ్గరనుంచే వచ్చినట్టు" అని అత్తయ్య తేల్చేశారు. మేం కొన్నది ఏ కంపెనీ, ఏ మోడలో ఇక్కడ రాయట్లేదు, ఏడాది తిరిగేసరికి ఆ మోడల్ దొరకదు, ఇవన్నీ ఏ మినీ ఎల్‌ఈడీకైనా వర్తించేవే. బ్రాండు గొడవలో అత్తయ్యకి ఇంకో మాట గుర్తొచ్చింది. వాళ్ల పుట్టింట్లో హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్లు చేసిన ఈసీ టీవీ ఉండేదట, చెక్క తలుపులూ తాళం కప్పా ఉన్నది, తాళం చెవి వాళ్ల నాన్నగారి జంధ్యానికి. అది నల్లటి నలుపు చూపించిందా అని అడిగాను. "అందులో ఉన్నదే నలుపూ తెలుపూ, ఇంకేం చూపిస్తుంది" అన్నారు.

బిల్లు దగ్గర కొన్ని విషయాలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పది శాతం తగ్గిందని మేనేజర్ అన్నాడు, లెక్క అలా కాదు. వంద రూపాయల సరుకు 128 నుంచి 118 అయింది, అంటే మనం కట్టే ధరలో తగ్గింది ఎనిమిది శాతం లోపే. నో కాస్ట్ ఈఎంఐ అన్నారు. అందులో బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ముందే డిస్కౌంట్ ఇస్తారు, కానీ వడ్డీ మీద జీఎస్టీ మనమే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు అదనం. పెద్ద మొత్తమేం కాదు, నో కాస్ట్ మాత్రం కాదు. ఇంతా చేసి బిల్లు చేతికొచ్చాక చూస్తే నేను అడగని ఎక్స్‌టెండెడ్ వారంటీ ఆరు వేల చిల్లర అందులో కూర్చుని ఉంది. "సార్ ఓకే అన్నారు మేడం" అన్నాడు అబ్బాయి. సార్ స్టాండు గురించి ఓకే అన్నారు. తీసేయించాను, కొత్త బిల్లుకి నలభై నిమిషాలు పట్టింది. టీవీలో ఖరీదైన భాగం ప్యానెలే, వారంటీ తీసుకునేవాళ్లు ప్యానెల్‌కి ఎన్నేళ్లో విడిగా అడగండి, పగిలితే మాత్రం మామూలు వారంటీ ఆదుకోదు.

రేపు పొద్దున్నే డెలివరీ అన్నారు, మూడో రోజు సాయంత్రం వచ్చింది. గోడకి బిగించేవాడు ఇంకో రెండు రోజుల తర్వాత. ఆ రెండు రోజులూ పెట్టె విప్పొద్దన్నారు, వాళ్ల మనిషి విప్పకపోతే గీతలకి బాధ్యత ఉండదట. హాల్లో మంచమంత అట్టపెట్టె, దాని ముందు కుర్చీ వేసుకుని మామయ్యగారు ఫోన్‌లో న్యూస్. వచ్చినతను ఆరడుగుల ఎత్తున గుర్తు పెట్టాడు, హోటళ్లలో అలాగే పెడతారట. సోఫాలో కూర్చుంటే కంటికి ఎదురుగా స్క్రీన్ మధ్యభాగం రావాలి, లేకపోతే మెడ పట్టేస్తుంది. వీఏ ప్యానెల్‌కి కింద నుంచి చూడటం కూడా పక్కనుంచి చూడటంతో సమానమే. రెండడుగులు దించమన్నాను. "అందరూ పైనే పెట్టించుకుంటారమ్మా" అని గొణుక్కుంటూ దించాడు. గోడకి వేలాడదీసే బ్రాకెట్ డబ్బులు విడిగా తీసుకున్నాడు, ఆ సంగతి షోరూంలో ఎవరూ చెప్పలేదు. స్టాండు ఇప్పుడు అటక మీద ఉంది, గట్టిదే.

రెండు నెలలైంది. మొదటి సాయంత్రమే చేసిన పని మోషన్ స్మూతింగ్, అంటే ఫ్రేముల మధ్య టీవీయే కొత్త ఫ్రేములు కల్పించి చేర్చడం, ఆపడం. అది ఉంటే సినిమా కూడా సీరియల్ షూటింగ్‌లా, మరీ నున్నగా కనపడుతుంది. టామ్ క్రూజ్ అంతటివాడు 2018లో వీడియో పెట్టి మరీ ఆపేయమని చెప్పాడు. ప్రతి కంపెనీ దానికో వేరే పేరు పెట్టి మెనూ అడుగున దాచింది, నాకు పావుగంట పట్టింది. క్రికెట్‌కి మా అబ్బాయి మళ్లీ ఆన్ చేస్తాడు, నేను మళ్లీ ఆపుతాను. మధ్యాహ్నం నాలుగింటికి ఎండ మొత్తం హాల్లో ఉన్నా బొమ్మ స్పష్టంగా కనపడుతోంది, ఈ ఒక్క విషయంలో పెట్టిన డబ్బుకి నాకు ఏ బాధా లేదు. రాత్రి లైట్లార్పి సినిమా చూస్తే సబ్‌టైటిల్స్ చుట్టూ ఆ మసక కనపడుతుంది. మా ఆయనకి కనపడదు. నాకు కనపడుతుంది, ఒకసారి కనపడ్డాక కనపడకుండా పోదు. సబ్‌టైటిల్స్ రంగు తెలుపు నుంచి బూడిదకి మార్చాను, చాలావరకు తగ్గింది.

కొండాపూర్‌లో ఉండే మా చెల్లి గత నెల అడిగితే నేను ఓలెడ్ తీసుకోమనే చెప్పాను. వాళ్లది తూర్పు హాలు, ఇద్దరూ ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది, కేబుల్ కనెక్షనే లేదు, మందపాటి కర్టెన్లు. ఎవరైనా న్యూస్ చూసినా ఫోన్‌లోనే. అలాంటి ఇంట్లో మినీ ఎల్‌ఈడీ ఎందుకు? వాళ్లింటికి వెళ్లినప్పుడు దీపాల వీడియో పెట్టి చూశాను. ఏం చెప్పను, కొంచెం కుళ్లుకున్నాను.

ఇక మామయ్యగారు. ఈ టీవీ ఆయన కోసమే ఎంచుకున్నామని చెప్పుకోవచ్చు. వారం రోజులు ఏమీ అనలేదు, తర్వాత ఒక పొద్దున్న "పాత టీవీలోనే అక్షరాలు బాగుండేవమ్మా" అన్నారు. ఆయన తప్పేం లేదు. మా కేబుల్ ప్యాకేజీలో న్యూస్ ఛానళ్లన్నీ మామూలు ఎస్‌డీ, అంటే 720 ఇంటూ 576. 4కే స్క్రీన్‌లో పిక్సెళ్లు దానికి సరిగ్గా 20 రెట్లు. వచ్చే ఒక్కో చుక్కనీ టీవీ ఇరవై చుక్కలుగా సాగదీసి చూపించాలి, ఎంత మంచి ప్రాసెసర్ ఉన్నా పలచటి మజ్జిగని పెరుగు చేయలేదు. పాతది 40 అంగుళాలు, తక్కువ సాగదీసేది, అందుకే అక్కడ బాగుండేది. అవే ఛానళ్లు యూట్యూబ్‌లో లైవ్ హెచ్‌డీలో వస్తాయి, అక్షరాలు కడిగినట్టుంటాయి. రిమోట్‌లో మైకు బటన్ నొక్కి ఛానల్ పేరు చెప్తే చాలని నేర్పించాను. రెండు రోజులు చెప్పారు. ఒకసారి ఆయన ఛానల్ పేరు చెప్తే అది ఏదో వంటల వీడియో పెట్టింది, ఆయనకి కోపమొచ్చింది. ఇప్పుడు మళ్లీ సెట్‌టాప్ బాక్స్ రిమోటే. నంబరు కంఠతా వచ్చట, చీకట్లో అయినా నొక్కగలరట. 65 అంగుళాల మీద మసక మసగ్గా ఎర్రపట్టీ పోతూ ఉంది, ఆయన పేపరు చదువుకుంటున్నారు.